రాత్రి కొలువు: లోత్రెక్ బొమ్మల్లోని పారిస్ కేబరే

1891 చివర్లో పారిస్ గోడల మీద ఒక పోస్టర్ వెలిసింది. మూడు కాగితాలు కలిపి అతికిస్తే గాని పూర్తికాని ఆ నిలువెత్తు పోస్టర్‌ను సుమారు 3,000 ప్రతులు అచ్చువేశారు. మోంమార్త్ర కొండ దిగువన రెండేళ్ళ క్రితమే తెరిచిన మూలా రూజ్ (ఎర్ర గాలిమర) అనే నాట్యశాలకు అది ప్రకటన. గీసినవాడు 27 ఏళ్ళ ఆన్రీ ద తులూజ్-లోత్రెక్. ఆయన పోస్టర్ గీయడం అదే మొదటిసారి. అప్పటివరకు చిత్రకారుల బృందాల్లో తప్ప పెద్దగా వినపడని ఆ పేరు ఒక్క ప్రకటనతో ఊరంతటికీ తెలిసిపోయింది. ఆ తర్వాత ఆయన బతికింది పదేళ్ళు కూడా నిండా లేదు. 1901 సెప్టెంబరు 9న, 36 ఏళ్ళ వయసులో, మద్యమూ సిఫిలిస్ కలిసి దెబ్బతీసిన శరీరంతో తల్లి దగ్గర కన్నుమూశాడు. అయినా 19వ శతాబ్దపు చివరి పారిస్ రాత్రి అనగానే ఈనాటికీ ప్రపంచం కళ్ళముందు మెదిలేది ఆయన గీసిన రాత్రే.

లోత్రెక్ గురించి రెండు కథలు బాగా చెలామణిలో ఉన్నాయి. మొదటిది హుషారు కథ. షాంపేన్, ఈకల టోపీలు, గాలిలోకి లేచే కాళ్ళు, ఎర్రటి గాలిమర. కాఫీ కప్పుల మీద, క్యాలెండర్ల మీద, హోటల్ గదుల గోడల మీద అమ్ముడుపోయేది ఇదే. రెండోది జాలి కథ. పెద్ద ప్రభువంశంలో పుట్టి, కాళ్ళు విరిగి, ఎదుగుదల ఆగిపోయి, తనవారిలో ఇమడలేక, సమాజం వెలివేసిన మనుషుల మధ్య ఊరట వెతుక్కున్న చిత్రకారుడి కథ. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెండూ ఒకేచోట పొరబడుతున్నాయి. కేబరేను, అంటే తాగుతూ ఆటాపాటా చూసే రాత్రి వినోదశాలను, మొదటి కథ వచ్చినవారి సరదాగా చూస్తుంది, రెండోది చిత్రకారుడి తలదాచుకునే చోటుగా చూస్తుంది. ఆయన బొమ్మలను ఓపికగా చూస్తే మాత్రం అక్కడ కనిపించేది పనిచోటు. ఒకరు డబ్బు కట్టి కొనుక్కునే రాత్రి మరొకరికి రోజువారీ కొలువు అన్న సంగతిని ఆయనంత స్పష్టంగా, ఆయనంత తక్కువ ఉపన్యాసంతో చూపించిన చిత్రకారుడు ఆ తరంలో మరొకరు లేరనేది నా అభిప్రాయం.

మోంమార్త్ర పారిస్ నగర పరిధిలోకి వచ్చింది 1860లో. అంతకుముందు అది ఊరి బయటి గ్రామం. నగరంలోకి వచ్చే సారాయి మీద కట్టవలసిన సుంకం అక్కడ లేదు కాబట్టి తాగుడు చవక, తాగుడు చవక కాబట్టి పాటా ఆటా దాని వెంటే పెరిగాయి. నగరంలో కలిసిన తర్వాత సుంకం వచ్చింది గాని అలవాటు పోలేదు. 1881 జులై 29న వచ్చిన పత్రికా స్వేచ్ఛ చట్టం గోడ ప్రకటనల మీది పాత ఆంక్షలను కూడా సడలించింది. అదే ఏడాది షా న్వార్ కేబరే తెరుచుకుంది. 1889లో ఐఫెల్ టవర్‌ను చూడటానికి లక్షలాది మంది పారిస్ చేరిన ప్రపంచ ప్రదర్శన ఇంకా ముగియకముందే, అక్టోబరు 6న, జోసెఫ్ ఒలేర్, షార్ల్ జిద్లేర్ అనే ఇద్దరు వ్యాపారులు మూలా రూజ్‌ను తెరిచారు. ప్రదర్శన నుంచి తెచ్చిన భారీ ఏనుగు బొమ్మను తోటలో నిలబెట్టారు. ప్రవేశద్వారం దగ్గర లోత్రెక్ అంతకుముందే గీసిన సర్కస్ గుర్రపు స్వారీ చిత్రాన్ని వేలాడదీశారు. ఆయన కోసం ఒక బల్ల ఎప్పుడూ కేటాయించి ఉండేదని చెబుతారు. అంటే ఆయన ఆ చోటికి వచ్చిపోయే ప్రేక్షకుడు మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. మొదటిరోజు నుంచీ ఆ వ్యాపారపు అలంకరణలో ఆయన చెయ్యి ఉంది.

ఆ వ్యాపారం ఎంత తెలివైనదో తెలియాలంటే గాయకుడు అరిస్తీద్ బ్రువాన్‌ను చూడాలి. షా న్వార్ ఖాళీ చేసిన చోట 1885లో ఆయన మిర్లితోన్ అనే కేబరే పెట్టాడు. నల్లటి మఖ్మల్ కోటు, మెడకు ఎర్రటి స్కార్ఫు, వెడల్పు టోపీ, పొడవాటి బూట్లతో నిలబడి పేటల్లోని దొంగలు, వేశ్యలు, కూలీల బతుకుల మీద వాళ్ళ యాసలోనే పాటలు పాడేవాడు. లోపలికొచ్చిన ధనిక వినియోగదారులను మొహంమీదే బండబూతులు తిట్టేవాడు. వాళ్ళు తిట్లు తినడానికే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. పేదరికం అక్కడ ప్రదర్శన వస్తువు, కోపం టికెట్టు మీద దొరికే సరుకు. 1892లో బ్రువాన్ ఊరి నడిబొడ్డున ఉన్న అంబాసదర్ అనే పెద్ద వేదికకు ఎక్కినప్పుడు లోత్రెక్ చేత పోస్టర్ వేయించాడు. అక్కడి యజమానికి అది నచ్చలేదు. ఆ పోస్టర్ పెట్టకపోతే పాడను గాక పాడనని బ్రువాన్ పట్టుబట్టి గెలిచాడు. కోటు అంతా ఒకే నల్లటి ముద్ద, స్కార్ఫు ఒకే ఎర్రటి ముద్ద, వాటి పైన విసుగ్గా పక్కకు తిరిగిన ముఖం. పాటగాడి కంటే ముందు అతని వేషం గుర్తుండిపోయేలా గీసిన బొమ్మ అది. వేషమే ఆ మనిషి వృత్తి అని లోత్రెక్‌కు తెలుసు.

ఇప్పుడు ఆ మొదటి పోస్టర్ దగ్గరికి వద్దాం. అప్పటికి పారిస్ పోస్టర్ల రారాజు జూల్ షెరే. 1889లో మూలా రూజ్ తెరిచినప్పటి పోస్టర్ కూడా ఆయనదే. అందులో గాలిమర ముందు గాడిదలెక్కి ఊరేగే అమ్మాయిలుంటారు. షెరే గీసిన అమ్మాయిలు అందరూ నవ్వుతారు, అందరూ గాలిలో తేలుతారు, పేరులేని ఆ అందరూ ఒకే అమ్మాయిలా ఉంటారు. లోత్రెక్ మాత్రం ఒక పేరున్న మనిషిని గీశాడు. లా గూలూ అని పిలిచే లూయీజ్ వెబెర్, చాకలిపని చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పాతికేళ్ళ యువతి. పోస్టర్ నడిమధ్యన ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు పైకి విసురుతూ ఉంటుంది. చుక్కల ఎర్ర జాకెట్టు, పసుపు జుట్టు. ఆమె లోపలి లంగాల తెలుపుకు రంగు వేయలేదు. అది ఉత్త కాగితం. చుట్టూ నాలుగు గీతలు గీసి కాగితాన్నే బట్టగా మార్చేశాడు. వెనక గుమిగూడిన జనానికి కళ్ళు లేవు, ముక్కులు లేవు. పొడుగు టోపీలూ ఈకల టోపీలూ కలిసిన ఒక నల్లటి నీడ మాత్రమే. ముందువైపు, దాదాపు చూసేవాడి భుజానికి తగిలేంత దగ్గరగా, ఆమె జోడీ నర్తకుడు వాలెంటిన్ బూడిదరంగు నీడలా అడ్డం నిలబడి ఉంటాడు. కొక్కెం ముక్కు, ముందుకు వచ్చిన గడ్డం, ఎముకలు లేవా అనిపించేలా వంగిన చెయ్యి.

మన సినిమా హాళ్ళ ముందు ఆరు షీట్ల వాల్‌పోస్టర్లు చూస్తూ పెరిగినవారికి ఈ భాష కొత్తది కాదు. దూరం నుంచి వెళ్ళేవాడిని ఆపాలి, పేరు గుర్తుండాలి, మిగతావన్నీ తీసేయాలి. జపాన్ చెక్క అచ్చు బొమ్మల నుంచి ఆ తరం చిత్రకారులంతా నేర్చుకున్న చదునైన రంగులను, అంచులో తెగిపోయే ఆకారాలను లోత్రెక్ ఈ గోడ అవసరానికి సరిగ్గా సరిపెట్టాడు. అక్కడితో ఆగితే ఆయన మంచి ప్రకటనకర్త అయ్యేవాడు. కాని ఈ పోస్టర్‌లో ప్రకటనకు అక్కరలేని సంగతి ఒకటుంది. ఆ నర్తకి నవ్వడం లేదు. ఎవరి వైపూ చూడటం లేదు. ముఖం పక్కకు తిప్పి, చేస్తున్న పని మీదే దృష్టి పెట్టి ఉంది. వెలుగులో ఉన్నది ఆమె ఒక్కతే, డబ్బిచ్చి వచ్చినవారందరూ చీకటిలోనే ఉన్నారు. సరుకు అమ్మే కాగితం మీదే, ఇక్కడ పనిచేస్తున్నది ఎవరో, చూస్తున్నది ఎవరో ఆయన గీత గీసి విడదీశాడు.

1893లో నర్తకి జేన్ అవ్రిల్ కోసం గీసిన జార్దాఁ ద పారీ అనే వినోదశాల పోస్టర్‌లో ఈ విడదీత మరింత సూటిగా ఉంటుంది. ముందుభాగంలో వాద్యకారుడి చెయ్యి ఒకటి పెద్ద బేస్ వాద్యం మెడను పట్టుకుని ఉంటుంది. ఆ వాద్యం తల నుంచే ఒక గీత మొదలై పైకి సాగి, మలుపు తిరిగి, నర్తకి చుట్టూ చట్రంలా బిగుసుకుంటుంది. చట్రంలో జేన్ అవ్రిల్, నల్లటి మేజోడు వేసిన కాలిని మోకాలి దగ్గర చేత్తో పట్టి ఎత్తి ఉంటుంది. కాలు ఎంత హుషారుగా ఉందో ముఖం అంత అలసటగా ఉంది. కళ్ళు సగం వాలి, పెదవులు బిగుసుకుని, ఎన్నిసార్లు చేసిన అడుగో మళ్ళీ చేస్తున్నట్టు. ఇలాంటి ముఖంతో టికెట్లు అమ్మవచ్చని ఏ వ్యాపారి అనుకుంటాడు? అయినా అమ్ముడుపోయాయి. లోత్రెక్ విచిత్రం ఇక్కడే ఉంది. అలసటను దాచకుండానే ఆకర్షణను పుట్టించగలిగాడు, లేదా పారిస్ ప్రేక్షకులకు ఆ అలసట కూడా ఒక రుచి అయింది. ఈ రెండో అవకాశం అంత సుఖమైనది కాదు, కాని కొట్టిపారేయదగినదీ కాదు. తిట్లు కొనుక్కునే ఊళ్ళో అలసటను కొనుక్కోరా?

ప్రకటనలో నోరు కట్టుకోవలసి వచ్చిన సంగతులను ఆయన తైలవర్ణ చిత్రాలు మాట్లాడతాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న, మూలా రూజ్ లోపలి దృశ్యం. 1892కూ 1895కూ మధ్య గీసినది. ఎడమ అడుగున ఒక కఠెరా ఏటవాలుగా చొచ్చుకువచ్చి చూసేవాడిని లోపలికి లాక్కెళుతుంది. మధ్యన బల్ల చుట్టూ అయిదుగురు కూర్చుని ఉన్నారు. రచయిత దుజార్దాన్, నర్తకి లా మకరోనా, ఫొటోగ్రాఫర్ పాల్ సెస్కో, మద్యం వ్యాపారి మోరీస్ గిబేర్, మనకు వీపు చూపిస్తున్న నారింజరంగు జుట్టు స్త్రీ. అందరూ పరిచయస్థులే, ఒకే బల్ల దగ్గరే ఉన్నారు. ఒకరి కళ్ళు ఒకరివైపు లేవు. వెనక పచ్చటి అద్దాల ముందు లా గూలూ జుట్టు సర్దుకుంటోంది. ఆమె ఇక్కడ తార కాదు, ఆటకు ముందో తర్వాతో దొరికిన రెండు నిమిషాల్లో జడ సరిచేసుకునే ఉద్యోగిని. ఇంకా వెనక, పొడుగాటి బంధువు గాబ్రియెల్ పక్కన నడుస్తూ పొట్టిగా కనిపించేది లోత్రెక్ స్వయంగా.

ఇక కుడివైపు అంచున ఒక ముఖం ఉంది. కింద నుంచి కొడుతున్న కృత్రిమ వెలుగులో ఆకుపచ్చగా మారి, పెదవులు మాత్రం ఎర్రగా, చట్రం దాటి మన మీదికి వచ్చేస్తున్నట్టు ఉంటుంది. అది ఇంగ్లీషు నర్తకి మే మిల్టన్‌ది అంటారు. ఎవరు చేశారో గాని ఒక దశలో కాన్వాస్‌ను కుడివైపూ కిందా కోసి ఈ ముఖాన్ని తొలగించారు. 1914 లోపే మళ్ళీ అతికించారు. అతుకు జాడ ఇప్పటికీ కనబడుతుంది. ఆ ముఖం లేకపోతే బొమ్మ చక్కటి గుంపు చిత్రంగా మిగిలేది, అమ్ముకోవడానికి కూడా సులువయ్యేది. ఉన్నందువల్లనే అది ఒక వాదన అయింది. పగటి వెలుగులో చర్మం ఏ రంగులో ఉంటుందో మనకు తెలియకుండా చేసే ఆ దీపం, అక్కడ పనిచేసే ప్రతి స్త్రీ ముఖం మీదా రోజూ పడేదే. చిత్రకారులు శతాబ్దాలుగా వెలుగును సూర్యుడి నుంచో కొవ్వొత్తి నుంచో తెచ్చుకున్నారు. వినోద పరిశ్రమ సొంతంగా తయారుచేసుకున్న వెలుగు మనిషి ముఖాన్ని ఏం చేస్తుందో ఇంత మొండిగా గీసింది లోత్రెక్.

పోలిక కోసం చిత్రకారుడు రెన్వార్ 1876లో గీసిన మూలా ద లా గలెట్ అనే నాట్యశాల దృశ్యాన్ని తలచుకోవచ్చు. అదీ మోంమార్త్రే, అదీ గాలిమర నీడే. చెట్ల ఆకుల మధ్య నుంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతూ ఉంటుంది. అందరూ అందంగా ఉన్నారు, అందరికీ తీరిక ఉంది. పనివారు ఆదివారం సెలవు గడుపుతున్న బొమ్మ అది. నేను దాన్ని తక్కువ చేయను, సెలవు కూడా నిజమే కదా. లోత్రెక్ సొంత గురువుగా భావించింది మాత్రం ముందుతరం చిత్రకారుడు దెగాను. అంచులో తెగిపోయే బొమ్మలు, ముందుకు పొడుచుకువచ్చే వాద్యాల తలలు, వేదిక అంచు దీపాల కింది ముఖాలు, ఇవన్నీ దెగా ముందే చేసి చూపినవే. కాని దెగా నర్తకీమణులకు సాధారణంగా పేర్లుండవు. వాళ్ళు శరీరాలు, భంగిమలు. లోత్రెక్ దగ్గర ప్రతి మనిషికీ పేరుంది, ఆ పేరుకు ఒక టోపీ ఉంది, ఒక గడ్డం ఉంది, ఒక నడక ఉంది. నల్ల చేతితొడుగులు చాలు గాయని ఇవెట్ గిల్బేర్ అని చెప్పడానికి.

చేతితొడుగుల మాట వచ్చింది కాబట్టి 1893 నాటి దివాన్ జపోనే అనే పాటల కేబరే పోస్టర్ గురించి చెప్పాలి. వేదిక మీద పాడుతున్నది గిల్బేర్, అప్పటికి పారిస్‌లో పెద్ద పేరు. పోస్టర్ పై అంచు ఆమె తలను నిర్దాక్షిణ్యంగా నరికేసింది. కనిపించేది సన్నటి ఒళ్ళూ, మోచేతులు దాటిన నల్లటి చేతితొడుగులూ మాత్రమే. బొమ్మనంతా ఆక్రమించింది ప్రేక్షకురాలిగా వచ్చి కూర్చున్న జేన్ అవ్రిల్. వేదికనూ ప్రేక్షకులనూ తారుమారు చేసిన చమత్కారం ఇది. కొలువు లేని రాత్రి ఒక నర్తకి మరొకరి కొలువు చూడటానికి వచ్చింది. ఆమె ముఖంలో మురిపెం లేదు, తోటి పనివారిని అంచనా కట్టే శ్రద్ధ ఉంది.

గిల్బేర్‌తో లోత్రెక్ వ్యవహారం ఇంకొంచెం చిక్కైనది. 1894లో గిల్బేర్ కోసం ఆయన తయారుచేసిన పోస్టర్ నమూనాను ఆమె ఒప్పుకోలేదు. దేవుడి మీద ఒట్టు పెట్టినంత పని చేసి, నన్ను మరీ ఇంత అనాకారిగా చూపవద్దని ఉత్తరంలో బతిమాలింది. పోస్టర్ పని స్టైన్‌లెన్ అనే మరో చిత్రకారుడికి వెళ్ళింది. కాని అదే ఏడాది విమర్శకుడు గుస్తావ్ జెఫ్రోయ్ రచనతో, లోత్రెక్ గీసిన 16 లితోగ్రాఫులతో (రాతి అచ్చు బొమ్మలతో) ఒక ఆల్బమ్ వెలువడింది. అందులోని గిల్బేర్ ఏ మాత్రం అందంగా లేదు. మెడ కొంగమెడ, ముక్కు పైకి లేచి ఉంటుంది, నోరు గీతలా సాగి ఉంటుంది. ఆ ఆల్బమ్ 100 ప్రతుల మీదా ఆమె తన సంతకం పెట్టింది. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఎందుకు చేసిందని ఆలోచిస్తే, ఇందులో వైరుధ్యం కనబడదు. గోడ మీది పోస్టర్ ఆమె గిరాకీ, అక్కడ అందం కావాలి. సంపన్న సేకర్తల చేతికి వెళ్ళే ఆల్బమ్ ఆమె కళకు గుర్తింపు, అక్కడ వికారం కూడా గౌరవమే. తన ముఖాన్ని ఏ బజారులో ఏ ధరకు ఇవ్వాలో గిల్బేర్‌కు లోత్రెక్ కంటే బాగా తెలుసు.

ఆయన గీసిన వికారాన్ని ద్వేషమని కొందరు, దయ అని కొందరు అంటారు. ఈ రెండు మాటలతోనూ నాకు పేచీ ఉంది. పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉన్న 1895 నాటి షా-యు-కావో చిత్రం చూడండి. ఆమె మూలా రూజ్‌లో విదూషకురాలు. ప్రత్యేక గదిలో మనకు వీపు తిప్పి నిలబడి, రవికకు చుట్టుకునే పెద్ద పసుపు జాలరును బిగించుకుంటోంది. జాలరు మురికిపసుపు రంగులో సుడి తిరిగి బొమ్మను మింగేస్తున్నట్టు ఉంది. నెత్తిన తెల్లటి సిగ, దానికి పసుపు రిబ్బను. గోడ మీద అద్దంలో రాత్రి విందు దుస్తుల్లో ఒక ముసలాయన కనబడతాడు, ముందు భోజనం బల్ల సిద్ధంగా ఉంది. అంటే ఆమె వేదిక మీది పని అయ్యాక మరో పని మొదలవుతోందని, లేదా మొదటి పనికీ రెండో పనికీ మధ్య గీత అంత తేటగా లేదని చూసేవాడు గ్రహిస్తాడు. చిత్రకారుడు ఆమెను ఓదార్చడం లేదు, ముసలాయనను తిట్టడం లేదు. జాలరు బిగించుకోవడానికి రెండు చేతులూ ఎలా వెనక్కి తిప్పాలో ఆ కష్టాన్ని గీశాడు, అంతే. దయకు ఇంత కుతూహలం ఉండదు, ద్వేషానికి ఇంత ఓపిక ఉండదు.

ఆ గదిలో సగమే చెప్పిన విషయాన్ని వేశ్యాగృహాల చిత్రాలు పూర్తిగా చెబుతాయి. రూ దే మూలాఁ వీధిలోని ఇంటి హాలును 1894లో ఆయన పెద్ద కాన్వాస్ మీద గీశాడు. ఆ చిత్రం ఇప్పుడు ఆయన సొంత ఊరు ఆల్బిలో ఉంది. ఎర్రటి సోఫాల మీద స్త్రీలు విటుల కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటారు. శృంగారం లేదు, ఎదురుచూపే ఉంది. బస్టాండులో కూర్చున్నవారి ముఖాల్లో ఉండే ఎదురుచూపు. అదే ఏడాది గీసిన మరో చిత్రం, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది, ఇంకా కఠినం. ఆనాటి ఫ్రాన్సులో ఈ వృత్తి నిషిద్ధం కాదు. పోలీసుల దగ్గర పేరు నమోదు చేసుకుని, క్రమం తప్పకుండా వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరు స్త్రీలు లోదుస్తులు నడుము పైకి ఎత్తి పట్టుకుని ఆ పరీక్ష కోసం వరుసలో నిలబడ్డారు. డాక్టరు కనిపించడు. కనిపించేది వరుసలో ముందుకు జరగవలసినవారి అణిగిపోయిన ఓర్పు. ప్రభుత్వం ఒక స్త్రీ శరీరాన్ని లైసెన్సు పుస్తకంగా మార్చిన తీరు మీద ఇంతకన్నా సూటి చిత్రం ఆ కాలంలో నాకు తెలియదు.

1896లో ఎల్ (ఫ్రెంచిలో 'ఆ స్త్రీలు') అనే పేరుతో వచ్చిన లితోగ్రాఫుల సంపుటిలో ఆ ఇళ్ళలోని పగటివేళ ఉంది. తొట్టిలో నీళ్ళు పోసుకోవడం, జుట్టు దువ్వుకోవడం, పక్క మీద ఉదయపు ఫలహారం. ముసుగు తొలగించిన రహస్యం కోసం డబ్బిచ్చిన కొనుగోలుదారులకు ఇవి నచ్చలేదు, సంపుటి సరిగా అమ్ముడుపోలేదు. బజారు తీర్పు ఇక్కడ మంచి సాక్ష్యం. పోస్టర్లకు ఎగబడ్డ పారిస్ ఈ పగటి బొమ్మలను పక్కన పెట్టింది. అలసట రాత్రి దీపాల కింద ఉన్నంతవరకే వాళ్ళకు రుచించింది.

జాలి కథను కూడా ఇక్కడ తేల్చుకోవాలి. లోత్రెక్ 1864 నవంబరు 24న పుట్టాడు. తల్లిదండ్రులు వరుసకు దగ్గరి బంధువులు, వాళ్ళ తల్లులు అక్కాచెల్లెళ్ళు. 1878లో ఒక తొడ ఎముక, మరుసటి ఏడు రెండోది విరిగాయి. కాళ్ళు ఆ తర్వాత ఎదగలేదు, నిలుచుంటే అయిదడుగుల దగ్గర ఆగిపోయాడు. పుట్టుకతో వచ్చిన ఎముకల వ్యాధి ఇందుకు కారణమని తర్వాతి కాలపు వైద్యులు ఊహించారు. వేట, గుర్రపు స్వారీ పరువుగా బతికే కుటుంబంలో ఇది చిన్న దెబ్బ కాదు. అయితే దీన్నుంచి ఆయన చిత్రకళను లాగి తీయడం సులువైన పని, అందుకే అనుమానించవలసిన పని. మొదట చిత్రకారుడు బొనా దగ్గర, తర్వాత కోర్మోన్ దగ్గర ఏళ్ళ తరబడి సంప్రదాయ శిక్షణ పొందినవాడు ఆయన. కోర్మోన్ బడిలో వాన్ గోగ్, ఎమిల్ బెర్నార్ సహాధ్యాయులు. టర్పెంటైన్‌తో బాగా పలచన చేసిన తైలవర్ణాన్ని ఉత్త అట్టల మీద పొడుగాటి గీతలుగా లాగి, అట్ట గోధుమరంగునే నీడగా వదిలేసే పద్ధతి ఆయన కావాలని ఎంచుకున్నది. లితో రాతి మీద రంగును బ్రష్షుతో చిమ్మి పొగమంచులాంటి చుక్కలు రాబట్టడం అచ్చు పనివారి దగ్గర నిలబడి నేర్చుకున్నది. షికాగో చిత్రంలో తన పొట్టితనాన్ని పొడుగు బంధువు పక్కన పెట్టి చూపించుకున్న మనిషికి మన జాలి అవసరమా?

జాలి కంటే గట్టి ప్రశ్న వేరే ఉంది. ఆయనకు ఇంటి నుంచి డబ్బు వచ్చేది. ఆ చోటు విసుగుపుడితే తల్లి ఎస్టేటుకు వెళ్ళిపోగలడు, చివరికి వెళ్ళాడు కూడా. లూయీజ్ వెబెర్‌కు అలాంటి ఇల్లు లేదు. 1895లో మూలా రూజ్ వదిలి సొంతంగా తిరునాళ్ళలో డేరా పెట్టుకున్నప్పుడు, ఆ డేరా ముఖద్వారానికి బొమ్మలు వేసిపెట్టమని ఆమె లోత్రెక్‌కు ఉత్తరం రాసింది. ఆయన దాదాపు మూడేసి మీటర్ల తెరలు రెండు గీసి ఇచ్చాడు. ఒకదానిలో మూలా రూజ్ రోజుల లా గూలూ, రెండోదానిలో తూర్పుదేశపు నాట్యం పేరిట కాలెత్తుతున్న లా గూలూ, చూసేవారిలో రచయిత ఆస్కార్ వైల్డ్, విమర్శకుడు ఫెనియోన్, పొట్టి టోపీవాలా లోత్రెక్. స్నేహం నిజమైనదే. కాని లాభనష్టాల లెక్క స్నేహంతో సమం కాదు. ఆ తెరలను 1926లో ఒక బొమ్మల వ్యాపారి ముక్కలుగా కోశాడు. తర్వాత ముక్కలన్నీ చేరదీసి అతికించగా, అవి ఇప్పుడు ఓర్సే మ్యూజియం గోడ మీద ఉన్నాయి. డేరా నిలవలేదు. సింహాలను ఆడించే పనీ చూసిన లూయీజ్ వెబెర్ చివరి ఏళ్ళలో మూలా రూజ్ దరిదాపుల్లోనే వేరుశనగలు, సిగరెట్లు అమ్ముకుని 1929లో పోయింది. పోస్టర్ మీది పేరు విలువ ఎవరికి చేరిందో ఈ లెక్క చెబుతుంది. అందులో లోత్రెక్ తప్పు పెద్దగా లేదు, కాని ఆయన ఆ లెక్కకు బయట కూడా లేడు.

అయితే ఈ వాదనను చివరిదాకా లాగి, ఆ స్త్రీలంతా ఆయన చేతిలో ముడిసరుకు అని తేల్చేస్తే జేన్ అవ్రిల్ అడ్డం వస్తుంది. పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రిలో, నరాల వైద్యుడు షార్కో ఉన్న రోజుల్లో, పిచ్చి పేరిట చికిత్స పొంది బయటపడ్డ అమ్మాయి ఆమె. పుస్తకాలు చదివేది, రచయితలతో తిరిగేది. తన పేరు నిలబడింది లోత్రెక్ పోస్టరు వల్లనే అని ఆమె తర్వాత ఒప్పుకుంది గాని, ఆ పోస్టర్లను ఊరికే పుచ్చుకున్న మనిషి కాదు. 1896లో మాద్‌మొజెల్ ఎగ్లాంటీన్ బృందంతో లండన్ వెళ్ళినప్పుడు పోస్టర్ పురమాయించి, నలుగురు నర్తకీమణులు ఏ వరుసలో ఉండాలో ఉత్తరంలో రాసి పంపింది. ఆ పోస్టర్‌లో ముగ్గురి కాళ్ళు ఒకే తాళంలో లేస్తాయి, ఒక చివరన ఉన్న ఆమె కాలు మాత్రం వేరే దారి పడుతుంది. 1899లో, మద్యంతో కుప్పకూలిన లోత్రెక్‌ను కుటుంబం నెయీ ఆసుపత్రిలో చేర్పించిన ఏడాదే, మరో పోస్టర్ చేయించుకుంది. నల్లటి గౌను మీద పాము చుట్టలు చుట్టుకుని పైకి పాకుతూ ఉంటుంది, ఆమె చేతులెత్తి వెనక్కి వంగి ఉంటుంది. నిర్వాహకుడికి నచ్చక అది గోడ ఎక్కలేదు. తన ముఖాన్ని ఎవరు గీయాలో, ఏ పనికి గీయాలో తానే నిర్ణయించుకున్న ఆ కొలువుమనిషిని చిత్రకారుడి ప్రేరణ అని రాసే పుస్తకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ వ్యవహారంలో పని పురమాయించింది ఆమె, చేసిపెట్టింది ఆయన.